5 అడుగుల 4 అంగుళాల పిచ్చర్: కాలేజీ రిక్రూటింగ్‌లో ఎత్తు లెక్క ఎంతవరకు

మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ పిచ్చర్, అంటే క్రికెట్‌లో బౌలర్ లాంటిది. కుడిచేతి వాటం, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. టెక్సాస్‌లో ఎనిమిదో తరగతి చివర్లో మొదలుపెట్టి పన్నెండో తరగతి నవంబరు దాకా, కాలేజీ జట్లు పిల్లల్ని ఎంచుకునే ఈ రిక్రూటింగ్ తతంగమంతా చూశాం. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు తెలుగువాళ్ల ఇళ్లలో కూడా ఇప్పుడు ఈ ఆట ఆడే పిల్లలున్నారు. "మా పాప పొట్టి కదా, పిచ్చింగ్ మాన్పించమంటారా?" అన్న మాట తరచూ వినబడుతోంది. మా ఇంటి కథ చెబితే ఎవరికీ ఒరిగేదేం లేదు. లెక్కలు చెబుతాను.

క్రికెట్‌కి అలవాటుపడ్డ కళ్లకు ముందుగా ఒక కొలత. పిచ్చర్ నిలబడే పిచ్చింగ్ ప్లేట్ నుంచి బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేట్‌కి 43 అడుగులు. పిచ్చర్ పెద్ద అడుగు వేసి, తుంటి పక్కనుంచి బంతి వదిలేసరికి మిగిలేది 37 అడుగులు, కాస్త అటూ ఇటూగా. గంటకు 65 మైళ్ల బంతి, అంటే 105 కిలోమీటర్లది, ఆ దూరాన్ని 0.39 సెకన్లలో దాటేస్తుంది. క్రికెట్‌లో 105 అంటే నవ్వుతారు. ఇక్కడ బ్యాటర్‌కి దొరికే సమయం మాత్రం బేస్‌బాల్‌లో 95 మైళ్ల బంతికి దొరికినంతే. పదేళ్లలోపు పిల్లలకు 35 అడుగులు, 11 అంగుళాల చుట్టుకొలత బంతి. పన్నెండేళ్లలోపు వాళ్లకు 40 అడుగులు, 12 అంగుళాల బంతి. ఆపైన అంతా 43. చిన్న చేతుల అమ్మాయి బంతి మారిన ఏడాది వేగం కోల్పోయినట్టు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, పట్టు కుదరడానికి కొన్ని నెలలు పడుతుంది.

ఎత్తు వల్ల నిజంగా కలిసొచ్చేది ఎంత? మూడు పొడవులు విడివిడిగా చూడాలి: అడుగు (ముందుకు వేసే అంగ), చెయ్యి, అరచెయ్యి.

అడుగు సంగతి అందరూ అనుకున్నంత పెద్దది కాదు. పిచ్చర్ అడుగు కనీసం తన ఎత్తంత ఉండాలన్నది కోచ్‌లు వాడే మామూలు గీటు. 71 అంగుళాల అమ్మాయికీ 64 అంగుళాల అమ్మాయికీ ఆ లెక్కన తేడా 7 అంగుళాలు. 37 అడుగుల్లో 7 అంగుళాలంటే ఒకటిన్నర శాతం. అంటే 60 మైళ్ల బంతి బ్యాటర్‌కి 61లా అనిపిస్తుంది, అంతే. పైగా 64 అంగుళాల అమ్మాయి తన ఎత్తుకు 110 శాతం అడుగు వేయగలిగితే అది 70 అంగుళాలు. పొడుగమ్మాయి ఆధిక్యం అక్కడికక్కడే చెల్లు. ఆ 110 శాతం కాలి బలం నుంచి వస్తుంది, ఎముక పొడవు నుంచి కాదు. ప్రాక్టీసులో ప్లేట్ ముందు నేలమీద టేపుతో గీతలు పెట్టి వారానికోసారి కొలవండి. తడిసిన మట్టిలో ఒకలా, ఇండోర్ మ్యాట్ మీద ఇంకోలా వస్తుంది కాబట్టి ఒకే చోట కొలిచిన అంకెల్నే పోల్చాలి.

చెయ్యి పొడవు దగ్గరే అసలు తిరకాసు. భుజం చుట్టూ ఒకే వేగంతో తిరిగితే, రెండంగుళాలు పొడవైన చేతి చివరనున్న బంతి ఏడు శాతం పైగా ఎక్కువ వేగంతో వెళ్తుంది. 60 కాస్తా 64 దాటుతుంది. కానీ పొడుగు చెయ్యిని అదే వేగంతో తిప్పడం కష్టం, దాని జడత్వం పొడవు వర్గంతో పాటు పెరుగుతుంది. అందుకే పద్నాలుగేళ్ల పొడగరులు చాలామంది 55, 56 దగ్గర తడబడుతూ, బంతి ఎక్కడికి పోతుందో తెలియక వాక్‌ల మీద వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) ఇస్తుంటారు. కండ పట్టి, పదిహేడేళ్లకు చెయ్యి అదుపులోకి వచ్చాక 64 వేస్తారు. కాలేజీ కోచ్ పద్నాలుగేళ్ల పొడుగమ్మాయిని చూసినప్పుడు ఆయన మనసులో ఉండేది 56 కాదు, ఆ 64. మన పొట్టి అమ్మాయి అదే రోజు 58 వేసి, ముగ్గురిని వరసగా స్ట్రైకవుట్ చేసినా (బంతిని కొట్టనివ్వకుండానే ఔట్ చేసినా) ఆయన నోట్‌బుక్‌లో పొడుగమ్మాయి పేరే ముందుంటుంది. ఇది అన్యాయం అనిపిస్తుంది గానీ, నాలుగేళ్ల తర్వాతి శరీరానికి ఇప్పుడే స్కాలర్‌షిప్ కట్టాల్సిన మనిషి అలాగే ఆలోచిస్తాడు.

ఆ ఆలోచనకు ఊతమిచ్చే పేర్లు చాలానే ఉన్నాయి. టెనసీకి ఆడిన మోనికా ఆబట్ 6 అడుగుల 3, 2012లో 77 మైళ్ల బంతి వేసింది. అరిజోనా జెన్నీ ఫించ్ 6-1 (6 అడుగుల 1 అంగుళం). ఓక్లహోమా కెయిలానీ రికెట్స్ 6-2. అలబామా మోంటానా ఫౌట్స్ 6-1. 2025లో 79.4 మైళ్లు తాకిన టెనసీ కార్లిన్ పికెన్స్ 6-1. స్టాన్‌ఫర్డ్ నుంచి 2024లో టెక్సస్ టెక్‌కి మిలియన్ డాలర్లకు పైబడ్డ ఒప్పందంతో మారిన నైజరీ కెనడీ 6 అడుగులు. ఇంతమందిని చూశాక ఏ కోచ్‌కైనా టేపు తీసి కొలవాలనే అనిపిస్తుంది. అటువైపు చూస్తే, మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన యూసీఎల్ఏ లీసా ఫెర్నాండెజ్ 5-6. బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో 413 బంతులు వేసి జపాన్‌కి స్వర్ణం తెచ్చిన యుకికో ఉఏనో ఆరడుగుల మనిషేం కాదు, 174 సెంటీమీటర్లు. ఇక క్యాట్ ఆస్టర్‌మన్ ఎత్తు 6-2 అయినా ఆమె బంతి 60ల మధ్యలోనే తిరిగేది. బ్యాటర్లను పడగొట్టింది డ్రాప్ బాల్, అంటే బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి కిందకు పడిపోయే బంతి. ఎత్తున్నంత మాత్రాన వేగం ఉంటుందని కాదు, వేగమొక్కటే స్ట్రైకవుట్లు ఇస్తుందనీ కాదు.

కాబట్టి మొదటి పని, మీ అమ్మాయి ఎంత ఎత్తు పెరుగుతుందో ముందే ఒక అంచనాకు రావడం. తండ్రి ఎత్తులోంచి 13 సెంటీమీటర్లు తీసి, తల్లి ఎత్తు కలిపి, రెండుతో భాగించండి. తండ్రి 172, తల్లి 158 అయితే 158.5, అంటే 5 అడుగుల 2 పైచిలుకు. ఎనిమిది సెంటీమీటర్లు అటో ఇటో కావచ్చు. రజస్వల అయ్యాక సాధారణంగా ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు, ఆపైన పెద్దగా ఉండదు. ఆరో తరగతిలో అందరికన్నా పొడుగ్గా ఉండి బంతి వేగంతోనే గెలిచే అమ్మాయి తొందరగా ఎదిగిన పిల్లే అయితే, తొమ్మిదో తరగతికి మిగతావాళ్లు ఆమెను దాటేస్తారు. ఆ మూడేళ్లూ ఫాస్ట్‌బాల్ ఒక్కటే వేసి గెలిచి, చేంజప్ (అదే ఊపుతో నెమ్మదిగా వేసే బంతి) నేర్చుకోకుండా వదిలేసిన పిల్లలే అప్పుడు ఎక్కువ ఇబ్బంది పడతారు.

మన ఇళ్లలో ఈ అంచనా చాలావరకు 5-1కీ 5-5కీ మధ్య తేలుతుంది. తేలాక దాన్ని దాచాల్సిన పనీ లేదు, దాని చుట్టూ ఏడవాల్సిన పనీ లేదు. ఏ బంతులు నేర్పాలో అది చెబుతుంది.

బంతిని తుంటి పక్కనుంచి వదులుతారు కాబట్టి, పొట్టి పిచ్చర్ బంతి రెండు మూడంగుళాలు కిందనుంచి బయల్దేరుతుంది. రైజ్ బాల్‌కి ఇది వరం. నిజానికి రైజ్ బాల్ దాదాపుగా ఎప్పుడూ పైకి లేవదు, వెనక్కి తిరిగే స్పిన్ వల్ల అనుకున్నంత కిందకు పడదు, అంతే. కానీ కిందనుంచి పైకి వెళ్లే గీత ఎంత నిటారుగా ఉంటే బ్యాటర్ కన్ను అంత మోసపోతుంది. పొడుగమ్మాయికి డ్రాప్ బాల్‌లో ఇదే లాభం తిరగబడి దొరుకుతుంది. అయితే అసలు అడ్డంకి అరచేతిలో ఉంది. 12 అంగుళాల బంతి వ్యాసం దాదాపు 9.7 సెంటీమీటర్లు. మీ అమ్మాయి జాన కొలవండి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసదాకా. ఏడంగుళాల లోపుంటే చూపుడువేలు మడిచి పట్టే రైజ్ బాల్ పట్టు చాలాకాలం జారుతుంది. స్పిన్ పక్కకు తిరిగి బుల్లెట్‌లా పోతుంది, బ్యాటర్‌కి అది నడుమెత్తున వచ్చే లడ్డూ. అలాంటి చేతికి ముందు పీల్ డ్రాప్ (వేళ్లతో బంతిని వెనకనుంచి ఒలిచినట్టు వదిలే డ్రాప్ బాల్), తర్వాత మణికట్టు వెనక్కి తిప్పి వదిలే బ్యాక్‌హ్యాండ్ చేంజప్, ఆ తర్వాతే రైజ్. వేళ్లతో గుచ్చి పట్టే నకుల్ చేంజప్ చిన్న చేతులకు వద్దు, పట్టుకోవడం చూసే బ్యాటర్ చెప్పేస్తుంది ఏం వస్తోందో.

వేగం ఎంత ఉండాలి? అమెరికా కాలేజీ జట్లలో డివిజన్ 1 పైమెట్టు, తర్వాత 2, 3; ఎన్ఏఐఏ ఎక్కువగా చిన్న కాలేజీలుండే వేరే సంఘం. కాలేజీ కోచ్‌ల నోట వినిపించే అంకెలు దాదాపు ఇవి: పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీల లీగుల) డివిజన్ 1కి 65 పైన, మిగతా డివిజన్ 1కి 60 నుంచి 64, డివిజన్ 2కి 58 నుంచి 62, డివిజన్ 3కీ ఎన్ఏఐఏకీ 55 నుంచి 60. ఇవి గీతలు కావు, కోచ్ కోచ్‌కీ మారతాయి. ఎత్తు ప్రభావం ఇక్కడ ఎలా పడుతుందంటే, 5-11 అమ్మాయికి 61 చాలు అనిపించే చోట 5-4 అమ్మాయిని 63 అడుగుతారు. రెండు మైళ్ల పన్ను అనుకోండి. కట్టాల్సిందే.

ఆ అంకె నిజంగా ఎంతో కొలవడం దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. వేగం కొలిచే రాడార్‌ని క్యాచర్ (వికెట్ కీపర్ లాంటి మనిషి) వెనక, నెట్ అవతల, బంతి వచ్చే గీతలోనే పెట్టాలి. ఇరవై డిగ్రీలు పక్కకు నిలబడి కొలిస్తే 62 మైళ్ల బంతి 58గా కనిపిస్తుంది. దీనికి తోడు ఇళ్లలో జరిగే ఇంకో పొరపాటు, ముప్పై బంతుల్లో ఒక్కసారి వచ్చిన పెద్ద అంకెను "మా అమ్మాయి వేగం" అనడం. కోచ్‌కి కావలసింది సగటు, అది కూడా ఏడు ఇన్నింగ్సుల ఆటలో ఐదో ఇన్నింగ్స్‌లో. మొదటి ఇన్నింగ్స్ సగటు, ఐదో ఇన్నింగ్స్ సగటు విడిగా రాసి ఏడాదిపాటు పట్టిక ఉంచండి. తేడా ఒక మైలు లోపుంటే అది మీ చేతిలో ఉన్న అతిపెద్ద సాక్ష్యం. చిన్న శరీరం అలిసిపోతుందన్న అనుమానానికి అదొక్కటే జవాబు. బేస్‌బాల్‌లో ఉన్నట్టు హైస్కూల్ సాఫ్ట్‌బాల్‌లో దేశమంతటికీ వర్తించే పిచ్ పరిమితి లేదు. వారాంతం టోర్నమెంటులో ఐదారు ఆటలు పడితే కోచ్ అడిగినన్ని ఇన్నింగ్సులు వేయించకండి. చేతిని గుండ్రంగా తిప్పే విండ్‌మిల్ తిప్పుడులో భుజాన్ని బయటికి లాగే బలం శరీర బరువుకు దగ్గరగా ఉంటుంది, "కింద చేతి బంతే కదా, దెబ్బ తగలదు" అన్నది వట్టి మాట.

ఎత్తు మారదు, బరువూ బలమూ మారతాయి. పదిహేను నిండిన దగ్గర్నుంచి రెండేళ్లు ఇక్కడ పెట్టిన శ్రమకే అన్నిటికంటే ఎక్కువ ఫలితం కనిపించింది. వారానికి రెండు రోజులు ట్రాప్ బార్ డెడ్‌లిఫ్ట్, హిప్ థ్రస్ట్, ఒంటికాలి స్క్వాట్, మెడిసిన్ బాల్ విసుర్లు. గుర్తు పెట్టుకోవాల్సిన కొలత నిలబడి దూకే లాంగ్ జంప్. అది పెరిగితే పిచ్చింగ్ అడుగు పెరుగుతుంది, అడుగు పెరిగితే కొన్ని వారాల్లో వేగం కదులుతుంది. మన తిండి దగ్గర ఒక్క మాట. 58 కిలోల అమ్మాయికి కిలోకి 1.6 గ్రాముల చొప్పున రోజుకు 90 గ్రాములకు పైగా ప్రొటీన్ కావాలి. గిన్నెడు పప్పులో ఏడెనిమిది గ్రాములు, గుడ్డులో ఆరు, వంద గ్రాముల పనీర్‌లో పద్దెనిమిది. పప్పన్నం, పెరుగన్నంతో ఆ అంకె చేరదు. శాకాహారం ఇంట్లో పొద్దున పూటే పాతిక గ్రాములు వేయకపోతే రాత్రికి లెక్క తప్పుతుంది. ఆడపిల్లల్లో ఐరన్ తగ్గితే మొదట పడిపోయేది ఆ ఐదో ఇన్నింగ్స్ అంకే కాబట్టి ఏడాదికోసారి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష చేయించడం మంచిది. నెలసరి ఆగిపోయేంతగా తిండి తగ్గించి వేగం పెంచిన వాళ్లెవరూ లేరు.

ఇక వీడియో. రెండున్నర నిమిషాలు దాటొద్దు. మొదటి ఇరవై సెకన్లలోనే మంచి బంతులు పడాలి, పేరు ఎగిరివచ్చే గ్రాఫిక్స్, పాటలు ఎవరికీ అక్కర్లేదు. మూడు కోణాలు: క్యాచర్ వెనకనుంచి, పిచ్చర్ ఛాతీ తిరిగే పక్కనుంచి, పిచ్చర్ వెనకనుంచి. రాడార్ తెర కనిపించాలి. పొట్టి పిచ్చర్ వీడియోలో కెమెరాను నడుమెత్తులో పెట్టండి. పైనుంచి తీస్తే ఉన్న ఎత్తు కూడా కుంచించుకుపోతుంది, కిందనుంచి తీస్తే మోసం చేస్తున్నట్టుంటుంది. ఆ తర్వాత నిజం ఆటలోంచి ఒకే బలమైన బ్యాటర్‌కి వేసిన బంతులన్నీ వరసగా, కత్తిరించకుండా. గురి తప్పిన బంతులు పడ్డా ఉంచండి.

ఈమెయిల్ శీర్షికలో గ్రాడ్యుయేషన్ ఏడాది, వాటం, సగటు వేగం, జీపీఏ: "2027, కుడిచేతి పిచ్చర్, 61–63, 3.9". ఎత్తు 5-6 లోపుంటే శీర్షికలో వేయకండి, లోపల ప్రొఫైల్లో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి. స్పైకులతో కొలిచి అంగుళమున్నర కలిపితే, కాలేజీ నడిపే శిక్షణ క్యాంపులో తనకు తెలిసిన క్యాచర్ పక్కన నిలబెట్టి కోచ్ పది సెకన్లలో పట్టేస్తుంది. అప్పుడు మీ 63 మైళ్లను కూడా నమ్మదు.

ఎవరికి రాయాలన్నదే మొత్తం పనిలో సగం. ప్రతి కాలేజీ వెబ్‌సైట్లో రోస్టర్ (జట్టు సభ్యుల జాబితా), గణాంకాలు ఉంటాయి. గత ఐదేళ్లవి తెరవండి. 5-7 లోపు పిచ్చర్లు ఎంతమంది ఉన్నారో కాదు, వాళ్లకి ఎన్ని ఇన్నింగ్సులు దక్కాయో చూడండి. జట్టులో పేరుండి ఏడాదికి ఎనిమిది ఇన్నింగ్సులు వేసిన పొట్టి పిచ్చర్ మీకు సాక్ష్యం కాదు. ఐదేళ్లలో ఒక్కరికీ ఇన్నింగ్సులు దక్కకపోతే ఆ క్యాంపుకి డబ్బు కట్టకండి. ఒక్కోటి 100 నుంచి 300 డాలర్లు, ప్రయాణం విడి. రోస్టర్ ఎత్తుల్లోంచి ఒకటి రెండంగుళాలు తీసేసి చదవండి, ఆడవాళ్ల రోస్టర్లలో కూడా కలిపి రాయడం మామూలే. ఇంకో సూచన, నలుగురు పొడగరి రైజ్ బాల్ పిచ్చర్లున్న జట్టుకి డ్రాప్ వేసే ఐదో మనిషి అవసరం పడుతుంది. బ్యాటింగ్ ఆర్డర్ మూడోసారి తిరిగేసరికి బ్యాటర్లు అలవాటు పడతారు, అప్పుడు కోచ్‌కి వేరే రకం బంతి కావాలి. మీ అమ్మాయిని "పొట్టి ఏస్"గా (జట్టు ప్రధాన పిచ్చర్‌గా) కాకుండా ఆ వేరే రకంగా చూపించడం తేలిక.

2018లో వచ్చిన నియమం ప్రకారం డివిజన్ 1 కోచ్ పదకొండో తరగతి సెప్టెంబరు 1కి ముందు అమ్మాయితో రిక్రూటింగ్ మాట మాట్లాడకూడదు. అంతకుముందు క్యాంపుల్లో ఆట నేర్పొచ్చు, ఆఫర్ మాట ఎత్తకూడదు. డివిజన్ 2కి పదో తరగతి ముగిశాక జూన్ 15. ఆ సెప్టెంబరు ఒకటి అర్ధరాత్రి పన్నెండు దాటగానే ఫోన్లు మోగేది ఎక్కువగా పొడగరులకే. పొట్టి పిచ్చర్ల ఫోన్లు అక్టోబరులో, కొన్నిసార్లు మరుసటి వేసవిలో మోగుతాయి. మొదటి వరసలో అడిగినవాళ్లు వేరేచోట ఒప్పుకున్నాక మిగిలిన ఖాళీలవి. ఆ ఆలస్యాన్ని తిరస్కారం అనుకుని పిచ్చింగ్ వదిలి ఔట్‌ఫీల్డ్‌కి మారిపోతే ఆ ఖాళీ వచ్చేసరికి మీరుండరు.

కాలేజీ క్రీడాకారులు వేసిన కోర్టు కేసులో 2025 జూన్‌లో ఖరారైన సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన కాలేజీలకు పాత 12 స్కాలర్‌షిప్‌ల హద్దు పోయి, జట్టుకి 25 మందే అన్న హద్దు వచ్చింది. స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా చేరి రెండేళ్లకు నిరూపించుకునే దారి పొట్టి పిచ్చర్లకు పాత ఆనవాయితీ. అది ఇరుకైపోయింది. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వల్ల ఇంకో మార్పు: కండ పట్టేదాకా రెండేళ్లు ఆగాల్సిన పొడుగమ్మాయి కోసం కూడా కోచ్‌లు ఇప్పుడు ఎదురుచూడటం లేదు, వేరే కాలేజీలో ఇప్పటికే గెలిచిన ఇరవై ఏళ్ల పిచ్చర్‌ని తెచ్చుకుంటున్నారు. నా లెక్కలో ఇది పొట్టి పిచ్చర్‌కి పూర్తిగా చెడు కాదు. చిన్న కాలేజీలో రెండేళ్లు నిజమైన బ్యాటర్ల మీద అంకెలు పోగేస్తే, ఆ తర్వాత ఎవరూ టేపు తీయరు.

చదువు బలంగా ఉన్న పిల్లలకు డివిజన్ 3 వదిలేయొద్దు. క్రీడా స్కాలర్‌షిప్ ఉండదు, మెరిట్ సాయం, అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం ఉంటాయి. ఎంఐటీ, ఎమరీ, టఫ్ట్స్‌లలో సాఫ్ట్‌బాల్ జట్లున్నాయి. టఫ్ట్స్ 2013 నుంచి 2015 దాకా వరసగా మూడుసార్లు జాతీయ విజేత. డివిజన్ 3లో చాలా చోట్ల పదకొండో తరగతి ముగిసిన జూలైలో కోచ్ మార్కుల పత్రాన్ని అడ్మిషన్స్ వాళ్లకు చూపించి ముందస్తు అభిప్రాయం తీసుకుంటారు. ట్రాన్‌స్క్రిప్ట్, పన్నెండో తరగతి కోర్సుల జాబితా జూన్ చివరికే సిద్ధంగా ఉంచుకోవాలి. ఆగస్టులో పంపితే వరసలో వెనకపడతారు.

క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు కోచ్‌ని "మా అమ్మాయి ఎత్తు మీకు అడ్డమా?" అని అడగకండి, ఎవరూ అవుననరు. "పోయినేడు మీ మూడో పిచ్చర్ ఎన్ని ఇన్నింగ్సులు వేసింది, ఎలాంటి బ్యాటర్లకి దింపారు?" అని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే ఆ పిచ్చర్‌కి ఒక పని ఉందన్నమాట.

మా అమ్మాయి చేరిన కాలేజీ రోస్టర్‌లో ఆమె ఎత్తు 5-6 అని ఉంది. మేం నింపిచ్చిన ఫారంలో 5-4 అనే రాశాం.